లియాన్ అడ్రస్ కావాలా, విలర్‌బాన్ చాలా? ఇల్లు వెతికే ముందు ఆలోచించుకోవాల్సినవి

"అక్కా, నాకు ఫ్రాన్స్‌లో, లియాన్ సిటీలో సీటొచ్చింది. ఇల్లు మాత్రం విలర్‌బాన్ అనే ఊళ్లో దొరుకుతోంది. బాగా దూరమా? తీసుకోవచ్చా?"

వేసవి మొదలయ్యేసరికి నా ఫోన్‌కి ఇలాంటి మెసేజులు వరసపెట్టి వస్తాయి. అడిగేవాళ్లలో సగం మంది ఇన్సా అనే ఇంజినీరింగ్ కాలేజీలోనో, లియాన్ 1 అని పిలిచే క్లోద్ బెర్నార్ యూనివర్సిటీ సైన్స్ విభాగాల్లోనో చేరబోయేవాళ్లే. వాళ్లకి నేను మొదట చెప్పేది ఒకటే. నీ కాలేజీ ఉన్నది విలర్‌బాన్‌లోనే అమ్మా. పేరు "ఇన్సా లియాన్", "లియాన్ 1" అని ఉంటుంది కానీ రెండూ లా దువా క్యాంపస్‌లో ఉన్నాయి. లా దువా విలర్‌బాన్ ఊళ్లోది. అంటే దూరమని మీరు భయపడుతున్న ఊరికే రోజూ క్లాసుకి వెళ్లబోతున్నారు.

ఈ సంగతి నాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు. లియాన్ అడ్రస్ ఉంటే చాలనుకుని, క్రువా రూస్ కొండ మీద నాలుగో అంతస్తులో ఒక గది తీసుకున్నాను. కిటికీ తెరిస్తే ఊరంతా కనిపించేది. కానీ ఎనిమిది గంటల క్లాసుకి ఏడింటికే బయటపడేదాన్ని. కొండ దిగడానికి మెట్రో సి, హోతెల్ ద వీల్ స్టేషన్‌లో మారి మెట్రో ఎ, షార్పెన్‌లో మళ్లీ మారి ట్రామ్ టి1. మూడు బండ్లు ఎక్కితే నలభై నిమిషాలు, ఒకటి తప్పితే యాభై. జనవరిలో చీకట్లో వెళ్లి చీకట్లో తిరిగొచ్చేటప్పుడు ఆ కిటికీ అందం ఏ మాత్రం ఓదార్పు కాలేదు. రెండో ఏడాది విలర్‌బాన్‌లోనే ఫ్లాషే మెట్రో స్టేషన్ దగ్గరికి మారాను. సైకిల్ మీద పది పన్నెండు నిమిషాల్లో క్లాసులో ఉండేదాన్ని. అప్పటినుంచి ఇల్లు మారాను కానీ ఊరు మారలేదు.

అందుకని నా సలహా పక్షపాతం లేనిదని చెప్పను. కానీ విలర్‌బాన్ అందరికీ సరిపోదు. ఎవరికి సరిపోతుందో, ఎవరికి సరిపోదో చెబుతాను.

అసలు ఇది ఎలాంటి ఊరు

శివారు అనగానే ఊరి చివర, పొలాల అంచున ఉన్న కాలనీ గుర్తొస్తుంది. విలర్‌బాన్ అలాంటిది కాదు. పద్నాలుగున్నర చదరపు కిలోమీటర్లలో దాదాపు 1,60,000 మంది ఉంటారు. ఫ్రాన్స్‌లో పెద్ద నగరాలను ఆనుకుని ఉన్న పట్టణాల్లో అతిపెద్దవాటిలో ఇదొకటి. లియాన్‌కీ దీనికీ మధ్య ఖాళీ స్థలమంటూ లేదు. షార్పెన్ దగ్గర నడుస్తుంటే ఎక్కడ లియాన్ 6వ వార్డు అయిపోయి ఎక్కడ విలర్‌బాన్ మొదలైందో తెలియదు. పోస్టల్ కోడ్ 69006 నుంచి 69100కి మారుతుంది, అంతే. మెట్రో, ట్రామ్, బస్సులు ఒకే సంస్థవి, పాసు ఒకటే. రెసిడెన్స్ పర్మిట్ పని పడితే రెండు ఊళ్లవాళ్లూ వెళ్లేది ఒకే ప్రిఫెక్చర్‌కి, అంటే ఒకే ప్రభుత్వ కార్యాలయానికి. 2015 నుంచి రెండూ లియాన్ మెట్రోపోల్ అనే ఒకే పరిపాలన కింద ఉన్నాయి. అయినా విలర్‌బాన్‌కి తన మేయరు, తన మునిసిపాలిటీ, తన పట్టుదల ఉన్నాయి. లియాన్‌లో కలిపేయాలని ఎన్నోసార్లు చూశారు, ఊరు ఒప్పుకోలేదు.

ఆ పట్టుదల కళ్లారా చూడాలంటే గ్రాత్ సియెల్ మెట్రో స్టేషన్‌లో దిగి మెట్లెక్కండి. ఒకదాని వెనక ఒకటిగా తెల్లటి మేడలు మెట్లు మెట్లుగా పైకి లేచి కనిపిస్తాయి. వీధి మొదట్లో ఉన్న రెండు టవర్లకి పందొమ్మిది అంతస్తులు. 1930ల మొదట్లో కట్టారు. అప్పటికి ఇది ఫ్యాక్టరీల ఊరు, పనివాళ్లు ఇరుకు గదుల్లో తడిసిన గోడల మధ్య ఉండేవాళ్లు. అప్పటి మేయరు లజార్ గూజోన్ స్వయంగా డాక్టరు. జబ్బులకి మందు రాయడం ఒక్కటే చాలదు, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టాలని పట్టుబట్టి, మోరిస్ లెరూ అనే ఆర్కిటెక్టు చేత ఈ వీధి కట్టించాడు. లిఫ్టు, సెంట్రల్ హీటింగ్ ఉన్న ఫ్లాట్లు ఆ రోజుల్లో ధనవంతులకి కూడా అందరికీ లేవు. ఇక్కడ పనివాళ్లకోసం కట్టారు. వీధి చివర మునిసిపల్ ఆఫీసు, దాని ఎదురుగా ఇప్పుడు జాతీయ ప్రజా నాటకశాల ఉన్న భవనం. నాకు ఈ ఊరంటే ఇంత ఇష్టం ఎందుకని ఎవరైనా అడిగితే ఈ వీధిలోకే తీసుకొస్తాను. సాయంత్రం ఆరింటికి ఆ మేడల కింద బేకరీ ముందు లైన్లో అన్ని రంగుల మనుషులూ నిలబడి ఉంటారు. పరాయి దేశంలో ఉన్నామనే బెరుకు నాకు ముందుగా పోయింది అక్కడే.

మీ రైలు ఏదో మీ ఇల్లూ అదే

ఇల్లు ఎంచుకునేటప్పుడు ఊరి పేరు పక్కన పెట్టి, మీరు రోజూ వెళ్లే చోటుకి ఒక్క బండిలో చేరగలరా అని చూడండి. ఒక మార్పు ఫర్వాలేదు. రెండు మార్పులైతే ఎంత మంచి ఇల్లయినా వదిలేయండి.

లా దువాలో చదివేవాళ్లకి విలర్‌బానే. దీని మీద వాదన అక్కర్లేదు. టి1, టి4 ట్రాములు రెండూ క్యాంపస్‌కి వస్తాయి.

పెద్ద రైల్వే స్టేషన్, ఆఫీసులు ఉన్న పార్‌దియూలో ఉద్యోగమైతే (ఐటీలో ఉన్న మనవాళ్లు చాలామందికి ఆఫీసు అక్కడే) లియాన్ 3వ వార్డు, విలర్‌బాన్ రెండూ సరిపోతాయి. షార్పెన్ నుంచి మెట్రో బిలో పార్‌దియూ రెండో స్టేషను. అదే అద్దెకి 3వ వార్డు కన్నా ఇక్కడ కాస్త పెద్ద ఇల్లు దొరకొచ్చు. తరచూ పారిస్ వెళ్లే పని ఉన్నవాళ్లు పార్‌దియూ స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే చోటు చూసుకుంటే సుఖం. టీజీవీ అనే వేగపు రైల్లో పారిస్ రెండు గంటలు.

జెర్లాన్‌లో చదివేవాళ్లు, అంటే ఇఎన్ఎస్, 2024లో అక్కడికి మారిన ఇఎం లియాన్ విద్యార్థులు, లియాన్ 7వ వార్డులో చూసుకోండి. దొరక్కపోతే షార్పెన్ రెండో మేలు. మెట్రో బి, టి1 రెండూ నేరుగా జెర్లాన్ వైపు వెళ్తాయి. కానీ విలర్‌బాన్ తూర్పు వైపున్న క్యుసే, బొన్వే దాకా రావద్దు.

లియాన్ 3 యూనివర్సిటీ వాళ్లకి, ముఖ్యంగా పాత పొగాకు ఫ్యాక్టరీ భవనంలో క్లాసులున్నవాళ్లకి, మెట్రో డి మీదున్న 8వ వార్డు మోంప్లెజీర్ అనువు. ఇల్లూ చుట్టుపక్కలూ బాగుంటాయి.

ఎక్యుయీలో ఎకోల్ సెంట్రల్‌కి వెళ్లేవాళ్లు మాత్రం విలర్‌బాన్ వద్దు. ఊరికి ఆ మూల అది, ఈ మూల ఇది. ఎక్యుయీకి మెట్రో లేదు, వేజ్ వైపు నుంచి బస్సు పట్టుకోవాలి. 9వ వార్డులో వేజ్ దగ్గర చూసుకోండి. ఈ మాట వినకుండా ఇక్కడ గది తీసుకున్న ఒకబ్బాయి మూడు నెలలకే ఖాళీ చేసి వెళ్లాడు.

విలర్‌బాన్ లోపల ఎక్కడ

"విలర్‌బాన్‌లో ఇల్లు" అని ప్రకటనలో ఉంటే చాలదు. ఏ మూలో అడగాలి.

షార్పెన్ అన్నిటికన్నా అనుకూలం. మెట్రో ఎ, బి, ట్రాములు టి1, టి4, నాలుగూ అక్కడ కలుస్తాయి. 117 హెక్టార్ల తెత్ దోర్ పార్కుకి నడిచి వెళ్లొచ్చు. కాబట్టి అద్దె కూడా ఊళ్లో మిగతా చోట్ల కన్నా ఎక్కువ. రోడ్డు వైపు గది అయితే రాత్రి చప్పుడు ఉంటుంది, లోపలి ఆవరణ వైపు గది ఉందేమో అడగండి.

దాన్ని ఆనుకుని తోంకాన్. 1970ల నుంచి కట్టిన పెద్ద పెద్ద బ్లాకులు, వాటి మధ్య కార్లు రాని నడకదారులు. క్యాంపస్‌కి నడిచిపోవచ్చు, ఫ్లాట్లు విశాలంగా ఉంటాయి. అయితే పగలు పిల్లలు ఆడుకునే మెట్ల దారులే రాత్రి తొమ్మిది దాటాక బోసిపోతాయి. ఒంటరిగా ఉండబోయే ఆడపిల్లలు ఇక్కడ సంతకం పెట్టేముందు ఒకసారి చీకటి పడ్డాక ట్రామ్ స్టాప్ నుంచి ఆ గుమ్మం దాకా నడిచి చూడండి. ఒకే తోంకాన్‌లో ఒక మెట్లదారి హాయిగా, పక్కది ఇబ్బందిగా ఉండటం నేను చూశాను.

గ్రాత్ సియెల్ నుంచి ఫ్లాషే దాకా, కూర్ ఎమిల్ జోలా అనే పెద్ద రోడ్డుకి అటూ ఇటూ ఉన్న వీధులు నా మొదటి ఎంపిక. కింద మెట్రో ఎ, పైన షాపులు, మందుల షాపు, పోస్టాఫీసు అన్నీ కాలినడకలో. సిటీ నడిబొడ్డున ఉన్న బెల్‌కూర్‌కి మారకుండా పావుగంట. నేల చదునుగా ఉంటుంది కాబట్టి సైకిల్ తొక్కడం ఏ మాత్రం కష్టం కాదు. వెలోవ్ అద్దె సైకిళ్లు 2005లో మొదలైనప్పటి నుంచి ఈ ఊళ్లోనూ ఉన్నాయి.

ఇంకా తూర్పుకి వెళ్తే క్యుసే, లోరాన్ బొన్వే. అద్దె తగ్గుతుంది, మెట్రో అదే. రింగురోడ్డు పక్క బిల్డింగైతే కిటికీలు మూసి ఉంచినప్పుడు, తెరిచినప్పుడు రెండుసార్లూ చెవిపెట్టి వినండి. కాలువ వైపు ఇల్లు దొరికితే అదృష్టం, ఆదివారం నడకకి జోనాజ్ కాలువ గట్టు చాలా బాగుంటుంది.

గ్రాంక్లెమాన్‌లో మెట్రో లేదు, ట్రామ్ టి3 ఉంది. అది నేరుగా పార్‌దియూకి వెళ్తుంది. కూరగాయల సంత ఉంది, కొత్తిమీర కట్టలు, బెండకాయలు అప్పుడప్పుడు కనిపిస్తాయి. పిల్లలున్న కుటుంబాలకి నేను చెప్పే చోట్లలో ఇదొకటి. క్రువా లుయిజే పూర్తిగా విద్యార్థుల లోకం, క్యాంపస్ అంచునే ఉంటుంది, షాపులు తక్కువ.

పక్క ఊళ్లు

వోఆన్వెలాన్, బ్రోన్, వెనిస్యూల్లో ఇళ్లు ఇంకా చవకగా దొరుకుతాయి. అక్కడి గురించి భయపెట్టే మాటలు చాలా వింటారు, వాటిలో చాలామటుకు ఆ ఊళ్లో ఎన్నడూ దిగనివాళ్లు చెప్పేవే. వోఆన్వెలాన్ ఊరి చివర లా సువా స్టేషన్ చుట్టుపక్కల కొత్త బిల్డింగులు బాగున్నాయి. మెట్రో ఎ, టి3 అక్కడే కలుస్తాయి, విమానాశ్రయానికి వెళ్లే రోన్ ఎక్స్‌ప్రెస్ ట్రామ్ కూడా ఆగుతుంది. బ్రోన్ లియాన్ 2 యూనివర్సిటీ విద్యార్థులకీ, తూర్పు ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకీ బాగా పనికొస్తుంది. మిగతావాళ్లు మిగిలే డబ్బుని రోజూ పోయే గంటతో తూచి చూసుకోండి.

ఇంటి లోపల చూడాల్సినవి

ప్రకటనల్లో టి1, టి2 అని చూసి ట్రామ్ అనుకునేరు. టి1 అంటే ఒకే గది, టి2 అంటే హాలు, ఒక బెడ్‌రూమ్. అద్దె పక్కన "షార్జ్ కాంప్రిజ్" అని ఉంటే నిర్వహణ ఖర్చులు కలిపినట్టు, "ఓర్ షార్జ్" అని ఉంటే వాటిని విడిగా కట్టాలి. ఈ ఒక్క మాట దగ్గరే మనవాళ్ల లెక్కలు తప్పుతుంటాయి.

నేను ఫ్లాషే దగ్గర మొదట చూసిన ఇల్లు ఇప్పటికీ గుర్తుంది. అక్టోబరు, బయట ఎండ కాస్తోంది. గది శుభ్రంగా ఉంది, తెల్ల సున్నం కొత్తగా వేశారు. ఏజెన్సీ మనిషి మాటల్లో ఉండగా కిటికీ అద్దం మీద అరచెయ్యి పెట్టి చూశాను. ఒకే పొర అద్దం, చల్లగా తగిలింది. గోడకి ఉన్న కరెంటు హీటర్ పలచటి రేకు పెట్టె, ఇక్కడివాళ్లు దాన్ని "గ్రీయ్ పాన్" అంటారు, బ్రెడ్డు కాల్చే యంత్రం అని. పెట్టినంతసేపే వేడి, ఆపగానే చలి. కిటికీ కింద మూలలో కొత్త సున్నం చిన్నగా ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. చెమ్మ. అద్దె నెలకి నలభై యూరోలు తక్కువే, కానీ చలికాలంలో ఆ నలభైకి మించి కరెంటు బిల్లుకే పోయేది. వద్దని చెప్పి వచ్చేశాను.

కాబట్టి "డీపీఈ" గ్రేడు అడగండి, ఇల్లు కరెంటు, గ్యాసు లాంటి ఇంధనం ఎంత తింటుందో అది చెబుతుంది. ఎ నుంచి జి దాకా ఉంటుంది. 2025 జనవరి నుంచి జి గ్రేడు ఇళ్లని కొత్తగా అద్దెకివ్వడం చట్టం ఒప్పుకోదు. ఎఫ్ కూడా వద్దనే నా మాట. బిల్డింగ్ మొత్తానికి కలిపి హీటింగ్ ఉండి, అది అద్దెలోనే కలిసి ఉంటే రెండో ఆలోచన లేకుండా తీసుకోవచ్చు. ఇంకొకటి, ఇక్కడ జూలైలో 35 డిగ్రీలు దాటే రోజులు మామూలే. ఇళ్లల్లో ఏసీ ఉండదు, సీలింగ్ ఫ్యాను అసలే ఉండదు. కప్పు కింది పై అంతస్తు ఇంట్లో వేసవి గడపడం గుంటూరులో రేకుల షెడ్డులో ఉన్నట్టే. కిటికీలకి బయటి తలుపులు ఉన్నాయో లేవో చూసుకోండి, పగలు అవి మూసుకోవడమే ఇక్కడి ఉపాయం.

వంటిల్లు సంగతి మనకి ముఖ్యం. చిన్న గదుల్లో స్టవ్వు మంచం పక్కనే ఉంటుంది. పొగ పసిగట్టే అలారం ప్రతి ఇంట్లో ఉండాలని ఇక్కడ చట్టం. ఎండుమిరపకాయ పోపులో పడగానే అది కూత పెడుతుంది, పక్కింటివాళ్లు తలుపు తడతారు. స్టవ్వుకి దగ్గర్లో తెరుచుకునే కిటికీ ఉందా, గోడలో గాలి లాగే రంధ్రం పనిచేస్తోందా చూడండి. రంధ్రం దగ్గర టిష్యూ కాగితం ముక్క పట్టుకుంటే అంటుకోవాలి. జారిపడితే ఇల్లంతా వారం రోజులు సాంబారు వాసనే.

డబ్బు, కాగితాలు

లియాన్, విలర్‌బాన్ రెండింట్లోనూ 2021 నవంబరు నుంచి అద్దెల మీద పరిమితి ఉంది. ఇల్లున్న ప్రాంతం, బిల్డింగ్ కట్టిన కాలం, గదుల లెక్క, సామాను ఉందా లేదా అనేదాన్ని బట్టి చదరపు మీటరుకి గరిష్ఠ అద్దె ఉంటుంది. అగ్రిమెంటులో అది రాసి తీరాలి. లేకపోతే అడగండి, అడగడం మీ హక్కు. ఎక్కువ వసూలు చేశారని తేలితే తిరిగి ఇప్పించుకోవచ్చు. పక్క ఊళ్లయిన బ్రోన్, వెనిస్యూల్లో ఈ పరిమితి లేదు. విలర్‌బాన్‌ని ఎంచుకోవడానికి ఇది కూడా ఒక కారణం.

అడ్వాన్సు సామాను ఉన్న ఇంటికి రెండు నెలలకి మించకూడదు, సామాను లేనిదానికి ఒక నెల. ఖాళీ చేయాలంటే రెండు ఊళ్లలోనూ నెల ముందు చెబితే చాలు. మనవాళ్లకి అసలు చిక్కు హామీదారు దగ్గర. ఫ్రాన్స్‌లో జీతం తీసుకునే మనిషిని చూపించమంటారు. అలాంటివాళ్లు లేకపోతే "విజాల్" అనే ఉచిత హామీ ఉంది, ముప్పై ఏళ్లలోపు విద్యార్థులకి ఇది వరం లాంటిది. ఇల్లు చూడటానికి వెళ్లే ముందే ఆ సర్టిఫికెట్ తెచ్చుకుని ఫోన్‌లో పెట్టుకోండి. ఒక ఇంటికి పదిమంది వచ్చినచోట కాగితాలు సిద్ధంగా ఉన్నవాళ్లకే తాళం. కాఫ్ అనే ప్రభుత్వ సంక్షేమ సంస్థ ఇచ్చే అద్దె సాయాన్ని మాత్రం ముందే లెక్కలో వేసుకోవద్దు. నియమాలు మారుతుంటాయి, మన లాంటి యూరప్ బయటివాళ్లకి మరీను. వస్తే సంతోషం, రాకపోయినా గడిచేలా ఇల్లు చూసుకోండి.

ఇండియా నుంచి చూడకుండా డబ్బు పంపడం మాత్రం ఎంత టెన్షన్‌లో ఉన్నా చేయొద్దు. నాకు తెలిసిన ఒకమ్మాయి ఫొటోలు చూసి రెండు నెలల అద్దె పంపింది. వచ్చి చూస్తే ఆ నంబరు గల ఇంట్లో వేరే కుటుంబం పదేళ్లుగా ఉంటోంది. మొదటి నెలకి విద్యార్థి హాస్టల్‌లోనో, తెలిసినవాళ్ల దగ్గరో సర్దుకుని, దిగాక కాళ్లతో తిరిగి వెతకండి. ఒకటి నుంచి పది నెలల దాకా "బాయ్ మొబిలితే" అనే ఒప్పందం ఉంది, దానికి అడ్వాన్సు తీసుకోకూడదు. ఇంటర్న్‌షిప్‌కి వచ్చేవాళ్లకి అది చాలు.

పిల్లలున్నవాళ్లకి ఇంకో మాట. పసిపిల్లల్ని చూసుకునే క్రెష్‌లో చోటుకీ, స్కూల్లో చేర్చడానికీ మీరు ఏ ఊళ్లో ఉంటే ఆ మునిసిపాలిటీకే వెళ్లాలి. రోడ్డుకి ఇటు ఉంటే విలర్‌బాన్, అటు ఉంటే లియాన్. ఇల్లు ఖరారు చేసే ముందు ఆ వీధికి ఏ స్కూలు వస్తుందో మునిసిపల్ ఆఫీసులో అడిగి, సాయంత్రం స్కూలు వదిలే వేళ గేటు దగ్గర పది నిమిషాలు నిలబడండి. అక్కడి తల్లులతో వచ్చీరాని ఫ్రెంచిలోనైనా మాట కలపండి. నాకు మా పాప స్కూలు దొరికింది అలాగే. ఆ గేటు దగ్గర నాకు సమాధానం చెప్పినావిడ ఇప్పుడు మా పై అంతస్తులోనే ఉంటుంది.